అవసరం అన్న మాటకు ఐదు నిమిషాలు

ఎవరి మీదా చెయ్యెత్తకుండా నలభై కుటుంబాలను ఒక్క మధ్యాహ్నంలో వానపాలు చేయబోయిన ఘనత నాది. అందుకు నేను వాడిన ఆయుధం తమిళం. ఇప్పటికీ తలచుకుంటే నాకు సిగ్గే. మీరు మాత్రం మొహమాటం లేకుండా నవ్వుకోండి.

ఎనభైల చివరి మాట. నాచారంలో మా క్రైస్తవ సంఘానికి గుడి లేదు. ఎస్తేరమ్మ పెద్దమ్మ అద్దె ఇంటి వాకిట్లో టార్పాలిన్ కింద ఆరాధన జరిగేది. వచ్చే ఆదివారం నుంచి అదీ కుదరదని ఆ ఇంటి యజమాని చెప్పేశాడు. పైన చూస్తే వానాకాలం.

పక్క సందులో మూతపడ్డ షెడ్డు ఒకటుంది. దాని యజమాని జ్ఞానమణి గారు మద్రాసు మనిషి, మనలాగే విశ్వాసి, తెలుగు ఒక్క ముక్క రాదు. షెడ్డు ఎవరికివ్వాలో తేల్చడానికి ఒక్క పూట కోసం వచ్చారు. సిమెంటు వ్యాపారి ఒకాయన అప్పటికే ఆ వాకిలి గేటు బయట స్కూటరు మీద కాచుకుని ఉన్నాడు. జ్ఞానమణి గారు మూడున్నరకు మాతో మాట్లాడి, నాలుగింటికల్లా సికింద్రాబాద్ స్టేషనుకు బయల్దేరాలి.

అనువాదకురాలిని నేను. పందొమ్మిదేళ్ళు. బడికి వెళ్ళలేదు, చదువంతా ఇంట్లో నాన్న చెప్పిందే. తమిళం పక్కింటి సెల్వి అక్క నేర్పింది. ఆమెను ఈనాటికీ ప్రార్థనలో తలచుకుంటాను. జరిగినదాంట్లో ఆమె తప్పేమీ లేదు. "రెండు భాషల్లో ఒకేలా వినబడే మాటలతో జాగ్రత్త" అని మాత్రం ఆమె హెచ్చరించింది. ఆ జాగ్రత్తే కొంప ముంచింది.

జ్ఞానమణి గారు యేసును 'నల్ల మేయ్‌ప్పర్' అన్నారు. జనం ఉలిక్కిపడ్డారు. తమిళంలో నల్ల అంటే మంచి, ఆయన మంచి కాపరి అంటున్నారని చెప్పాను. అక్కడితో ఆగి ఉంటే మీకు ఈ కథ ఉండేది కాదు. మనకది రంగు, మన వీధిలో నల్లా అంటే రోజు విడిచి రోజు నీళ్ళొచ్చే కుళాయి అని వివరించాను. ఆడవాళ్ళు నల్లా వంతుల మీద వాదనకు దిగారు.

ఆయన ఓపికగా 'దేవనుడైయ వీడు' అన్నారు. వీడెవడని ముసలాయన ఒకరు లేచారు. వీడంటే వాళ్ళకు ఇల్లు, దేవుని ఇల్లు అని ఆయన్ని కూర్చోబెట్టేసరికి పావుతక్కువ నాలుగు.

మా పాస్టరయ్య నా చెవిలో గొణిగాడు. "బిడ్డా, ఆయన ఎంత జెప్తె గంతే జెప్పు."

"తప్పుగ అర్థం జేసుకుంటరు గద, అయ్యగారూ."

బయట స్కూటరు హారన్ మోగింది. జ్ఞానమణి గారు గడియారం చూసుకుని, నావైపు తిరిగి అన్నారు. "ఎనక్కు అవసరం, అమ్మా."

తొందరగా ఉందమ్మా అన్నారు పాపం. నాకు బాగానే అర్థమైంది. అర్థమైంది కనుకే జనం వైపు తిరిగి, మనకు అవసరం అంటే కావలసినది, తమిళులకు అవసరం అంటే తొందర అని, రెండేసి ఉదాహరణలతో, తీరిగ్గా ఐదు నిమిషాలు చెప్పాను.

నేను తిరిగి చూసేసరికి ఆయన చేతులు జోడించి గేటు వైపు నడుస్తున్నారు.

నలభై కుటుంబాల చూపులూ నామీదే. "ఇగ వానల అందరికి నువ్వే గొడుగు పట్టు పోరీ" అంది ఎస్తేరమ్మ పెద్దమ్మ. నేను కళ్ళు మూసుకుని, భూమి నోరు తెరవాలని నిజాయితీగా ప్రార్థించాను.

ఆటో ఎక్కబోతూ ఆయన ఆగారు. జేబులోంచి తాళంచెవి తీసి, వెంట వెళ్ళిన పాస్టరయ్య చేతిలో పెట్టారు. నన్ను చూస్తూ రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోయారు.

"ఏమన్నడు బిడ్డా?" పాస్టరయ్య అడిగాడు.

"షెడ్డు మనకేనంట. వచ్చే ఆదివారం నుంచే ప్రార్థన పెట్టుకోమన్నరు."

స్తోత్రాలు మిన్నంటాయి. రెండో ముక్క నా గొంతులో చేపముల్లులా ఉంది. మింగేస్తే ఎవరికీ తెలియదు, తమిళం వచ్చింది నాకొక్కదానికే. కానీ చేతిలో బైబిలుంది.

"ఇంకేదో అన్నడు గద, నీ దిక్కు జూసి?"

"షెడ్డుల ఈ పిల్ల ఎవరి మాటకూ అర్థం జెప్పొద్దంట. దానికి ఒప్పుకుంటెనే అంట."

నేను వివరణ లేకుండా చేసిన ఏకైక అనువాదం అది. ముందు ఎస్తేరమ్మ పెద్దమ్మ, ఆమె వెనక సంఘమంతా, అంత గట్టిగా ఆమెన్ అనడం నేను మళ్ళీ వినలేదు.

ఆదివారం ఆ షెడ్డులో మోకరించి, నెత్తిన చుక్క పడనందుకు కృతజ్ఞత చెప్పుకుని, కన్నీళ్ళతో ప్రమాణం చేశాను: ప్రభువా, ఇకమీదట సాక్షాత్తూ నీవే వచ్చి మాట్లాడినా సరే, నేను తెలుగులో చెప్పను.