నవ్వినంతసేపే విశ్రాంతి

మా ఉద్దానంలో నీరసం కిడ్నీలది. వేరే జబ్బులకు దాని మీద హక్కు లేదు. మనిషి పొద్దుటిపూట రెండుసార్లు చతికిలబడ్డాడంటే ఎదురింటివాళ్ళు ముందు కాళ్ళవంక చూస్తారు, వాపుందేమోనని. తరవాత ముఖంవంక చూస్తారు. ఆఖరికి క్రియాటినిన్ ఎంతని అడుగుతారు. సంతకం రానివాళ్ళకు కూడా మా వైపు ఆ మాట నోరు తిరుగుతుంది. నేను ఎనిమిదిలో బడి మానేశాను. నాకు వచ్చిన ఇంగ్లీషు మాటల్లో అన్నిటికన్నా పొడుగైనది అదే.

నాది మాత్రం షుగరు. అదీ పెద్దవాళ్ళకు వచ్చే రకం కాదు, మాత్రలకు లొంగే రకం కాదు. మీసం కన్నా ముందే వచ్చింది. అప్పటినుంచీ పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది. ఇంట్లో ఫ్రిజ్ లేదు కాబట్టి మందు సీసా తడి ఇసుక పోసిన కుండలో ఉండేది. వేసవిలో మా ఇంట్లో చల్లగా బతికింది అదొక్కటే.

పెళ్ళికి ముందే ఈ సంగతి అవతలివాళ్ళకు చెప్పాం. మా ఆవిడ అన్నగారు కాసేపు ఆలోచించి, సుగరంటే ఉన్నోళ్ళ జబ్బు కదా, అయితే కుర్రాడు ఉన్నోడే అని తేల్చాడట. పెళ్ళయ్యాక మా ఇల్లు చూసి కూడా ఏమీ అనలేదు. ఆయన జట్టులోనే నన్ను కలుపుకున్నాడు.

ఆ జట్టు పని కొబ్బరికాయలు వలవడం. నేలలో ఇనుప గునపం నిలబెట్టి ఉంటుంది. కాయను దాని మొన మీద గుచ్చి, నడుం వంచి, బలమంతా పెట్టి మెలితిప్పితే పీచు ఊడుతుంది. కాయల రాసిని అందరికీ సమానంగా పంచుతారు, కూలీ అందరికీ సమానం. వెనకబడినవాణ్ణి ఎవరూ తిట్టరు. రెండు మూడు తోటల దాకా చూస్తారు. ఆ తరవాత తెల్లవారి పనికి పోతూ వాడి గుమ్మం ముందు ఆగి పిలవరు. అంతే. పిలుపు రాని మనిషి పిలవలేదేమని అడగడు. కొన్నాళ్ళకు నౌపడ ఉప్పుమడుల్లోనో, పలాస జీడి ఫ్యాక్టరీలోనో కనిపిస్తాడు.

తొంభైల ఆఖర్లో నన్ను అందరికన్నా ముందు పిలిచేవారు. నా చేతులు బాగా ఆడేవి, నోరు అంతకన్నా బాగా ఆడేది. రెండువేల సంవత్సరం దాటి, ముప్పై అయిదు మీద పడ్డాక చేతులు మొరాయించాయి. ఎండకు వచ్చే అలసట నీడకు పోతుంది, పనికి వచ్చే అలసట తిండికి పోతుంది. ఇది దేనికీ పోయేది కాదు. రాత్రంతా పడుకుని లేస్తే, నాకన్నా ముందే లేచి మంచం మీద కూర్చుని ఉండేది. షుగరు ఎక్కువైన రోజు ఒళ్ళు తడి గోనెసంచిలా ఉండేది. తక్కువైన రోజు చేతులు వణికేవి. ఎక్కువా తక్కువా కాని రోజు కూడా ఎందుకో ఓపిక ఉండేది కాదు. ఆ రోజులంటేనే నాకు కోపం.

జట్టులో పని ఆపి కూర్చోకూడదు. నవ్వడానికి ఆగితే మాత్రం తప్పులేదు. ఈ సందు నేను కనిపెట్టాను. నడుం ఇక వంగదనిపించినప్పుడు ఒక కథ ఎత్తుకునేవాణ్ణి. బారువలో ఎండుచేపలకు కాపలా పెట్టిన పిల్లి కథో, నందిగాంలో అల్లుణ్ణి చూసి చూరెక్కిన మావగారి కథో. అసలు సంగతి వచ్చేసరికి అందరూ కాయలు కింద పెట్టి పొట్టలు పట్టుకునేవారు. వాళ్ళు నవ్వినంతసేపూ నేను గునపం పట్టుకుని ఊపిరి తీసుకునేవాణ్ణి. అలసట పెరిగేకొద్దీ కథలు కూడా పొడుగయ్యాయి. ఒక రోజు మా బావ, అంటే మా ఆవిడ అన్నగారే, తలెత్తకుండానే అన్నాడు:

“నీ పిల్లి ఇంకా సేప దగ్గరకి రానేదేటి బావా? పొద్దోయిపోతంది.”

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం తెల్లవారి ఆగని అడుగుల చప్పుడు వినిపించినట్టయింది.

ఊరివాళ్ళు అప్పటికే నా కాళ్ళు చూడటం మొదలుపెట్టారు. చూడటానికి వచ్చినవాళ్ళు చేతిలో బ్రెడ్డుతో వచ్చేవారు. కొబ్బరినీళ్ళు తాగొద్దని ఒకరు, పప్పు మానమని ఒకరు. షుగరువాడు తినకూడనివీ కిడ్నీవాడు తినకూడనివీ కలిపి చూస్తే నాకు మిగిలింది గాలి. భయం నాకూ ఉంది. ఇన్నేళ్ళ షుగరు కిడ్నీల జోలికి పోకుండా ఊరుకుంటుందా అని. నెలల తరబడి వాయిదా వేశాను. చివరికి మా ఆవిడ చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది. టెక్కలి వెళ్ళి రక్తం ఇచ్చాం.

కిడ్నీలు బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు. మరి ఈ నీరసమేమిటని అడిగాను. ఇన్నేళ్ళుగా షుగరు ఎక్కుతూ దిగుతూ ఉంటే ఒళ్ళు అలాగే అలుస్తుందన్నాడు. వేళకు తిను, వేళకు సూది వేసుకో, మధ్యమధ్య పరీక్ష చేయించుకో, పనిలో మధ్యమధ్య కూర్చో అన్నాడు. నాలుగోది మా జట్టులో లేదని ఆయనకు చెప్పలేదు.

కిడ్నీలు బాగున్నాయని తెలిసి ఊరు సంతోషించింది. కొంచెం నిరాశ కూడా పడింది. బ్రెడ్డు రావడం ఆగిపోయింది. నీరసం మాత్రం ఆగలేదు. ఇప్పుడు దానికి పేరు కూడా లేదు.

“మా అన్నకి సెప్పీ మావా,” అంది మా ఆవిడ. “నీరసం వత్తందని సెప్తే నీ నోరేటి అరిగిపోదు.”

మర్నాడు తోటలో, సగం రాసి మిగిలి ఉండగా, జట్టంతా వినేటట్టు చెప్పాను: నాకు ఓపిక లేదు, కాసేపు కూర్చుంటాను అని. అందరూ కాయలు కింద పెట్టి నావంక చూశారు. తరవాతేమిటి అన్నట్టు ఆగారు. తరవాత ఏమీ లేదన్నాను. దానికి అంతకుముందు పిల్లి కథకన్నా ఎక్కువ నవ్వారు. ఒకడికి పొలమారింది. వాడి వీపు నేనే నిమిరి, మళ్ళీ గునపం దగ్గరికి పోయాను.

ఆ వారంలోనే ఒక రోజు లారీ ముందుగా వచ్చేసింది. పొద్దున్నే సూది వేసుకున్నాను, చోడి అంబలి గిన్నె మూత తీయకుండానే పిలిచారు, గిన్నె అలాగే పట్టుకుపోయాను. లారీ ఎక్కించేటప్పుడు లెక్క నాది. ఒకటి అనకుండా, ఒక్కో విసురుకు లాభం, రెండు, మూడు అని రాగం తీస్తూ పైకి చెప్పాలి. వంద కాగానే ఒక కాయ పక్కన పెట్టి మళ్ళీ లాభం. కాయలు కొనే సావుకారుకు అనుమానం ఎక్కువ. మధ్యలో అడ్డుపడి, ఎంతన్నావు, మళ్ళీ సెప్పు అంటాడు. ఆయన లేనప్పుడు నేను ఆయనలా గొంతు పెట్టి, చెప్పిన అంకెనే చెబుతూ జట్టును నవ్వించేవాణ్ణి.

ఆ రోజు పద్దెనిమిది దగ్గర ఆగిపోయాను. పద్దెనిమిది తరవాత ఏదో ఉందని తెలుసు. అదేదో అందలేదు. పద్దెనిమిది అన్నాను. కాయ వచ్చింది, పద్దెనిమిది అన్నాను. మళ్ళీ పద్దెనిమిది. సావుకారు అక్కడే ఉన్నాడు, ఆయన ముఖం ముందే ఆయన్ని ఆటపట్టిస్తున్నానని జట్టు విరగబడి నవ్వింది. నేను చెబుతున్నకొద్దీ నవ్వుతున్నారు, వాళ్ళు నవ్వుతున్నకొద్దీ నేను చెబుతున్నాను. చెమటకు చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. లారీ కొంచెం దూరం జరిగినట్టు కనిపించింది. లారీ అక్కడే ఉందట.

మా బావ ఒక్కడే నవ్వలేదు. కాయ అవతల పారేసి వచ్చి, నా చొక్కా జేబులో చెయ్యి పెట్టి, నేను ఎప్పుడూ ఉంచుకునే బెల్లం ముక్క తీసి నా నోట్లో పెట్టాడు. దవడ పట్టుకుని నమలమన్నాడు. నన్ను పీచుగుట్ట మీద కూర్చోబెట్టి, మూత తీయని ఆ అంబలి తాగించాడు. జట్టు ఇంకా నవ్వుతూనే ఉంది. వాళ్ళకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

తేరుకున్నాక, ఎలా తెలిసిందని అడిగాను.

“నువ్వు ఎటకారమాడితే ఎవుడు నవ్వినాడో, ఎవుడు నవ్వనేదో సూత్తావు,” అన్నాడు. “ఇయాల ఎవుడి మొకమూ సూడనేదు నువ్వు.”

ఖాళీ గిన్నెకు మూత పెట్టి పక్కన పెట్టాడు. ఆ తరవాత ఆయనే, “మొన్న నీరసమన్నావు, నిజమేనా బావా?” అని అడిగాడు.

నిజమేనన్నాను. నోటికి ఒక చమత్కారం వచ్చింది. దాన్ని బెల్లంతోపాటు మింగేశాను. పడుకుని లేచినా పోవడం లేదని, పొద్దెక్కేసరికి నడుం వంగడం లేదని, నన్ను పిలవడం మానేస్తారేమోనని కథలతో నెట్టుకొస్తున్నానని చెప్పాను. పిల్లికి ఎండుచేప ఎప్పటికీ దొరకనిది అందుకేనని కూడా చెప్పాను. ఆయన తల ఊపాడు గాని నవ్వలేదు. అలా నా ముఖంలోకి చూస్తూ ఎవరైనా నవ్వకపోవడం నాకు అదే మొదలు. బట్టలు లేకుండా నిలబడ్డట్టుంది.

మర్నాడు తెల్లవారకముందే గుమ్మం దగ్గర అడుగులు ఆగాయి. పిలిచింది మా బావే. దారిలో జట్టుకు ఆయనే చెప్పాడు: ఈయన రాసి సగమే, కూలీ సగమే. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా వలుస్తాడు, తరవాత కూర్చుంటాడు. నచ్చనివాడు ఇప్పుడే చెప్పాలన్నాడు. ఎవరూ చెప్పలేదు. ఒకడు మాత్రం, కూకున్నా కతలు సెప్పాలి మరి అన్నాడు. ఓపికుంటే చెబుతాడని మా బావ సర్దాడు.

ఇంట్లో సగం కూలీకి సరిపడా సర్దుకోవడం మా ఆవిడ పని అయింది. దాని గురించి ఆవిడ ఒక పుస్తకం రాయగలదు. నా పని వేళకు అంబలి తాగడం, ఎండ నెత్తికెక్కగానే గునపం వదిలి పీచుగుట్ట మీద కూర్చోవడం. చుట్టూ కాయలు చీలుతున్న చప్పుడు. నేనొక్కణ్ణే ఖాళీ చేతులతో. ఎవరూ నవ్వరు. అదొక్కటే ఇంకా అలవాటు కాలేదు.