తనూజ తొట్టికి రెండో కంత

తనూజ వయస్సు ముప్పై రెండేళ్లు. సింహాచలం గారు ఆమెను ఆ ముప్పై రెండేళ్లుగానూ ఎరుగుదురు. ఆమె మీద అసూయ మాత్రం ఈ వేసవిలోనే మొదలైంది.

రైల్వే కార్యాలయంలో ఉత్తరాలకు శుభ్రప్రతులు రాసి పదవీ విరమణ చేసిన ఆయన బిలాస్‌పూర్ తెలుగు సంఘానికి కార్యదర్శి. సంఘం కొత్త హాలు కట్టిస్తోంది. దాని కప్పు మీది వాననీరు ఒక్కసారిగా పల్లపు వీధిలోకి పోకుండా, నేలకింది తొట్టిలో నిలిపి నెమ్మదిగా వదలాలి. ఇంజనీరైన తనూజ కంప్యూటరులో రకరకాల వానలు కురిపించి చూసి, తొట్టికి అడుగున చిన్న కంత, పైన పెద్ద కంత కావాలని తేల్చింది. ఒకటి చాలునంటూ కాంట్రాక్టరు ప్లానులో పై కంతను కొట్టివేశాడు. సింహాచలం గారు లోలోపల సంతోషించి అతని పక్షమే వహించారు.

పల్లపు వీధి అప్పయమ్మ ఊరుకుంటుందా?

“ఏటి బాబూ! ఇన్నేళ్లు నువ్వు రాసిన కాయితాలకి మా గుమ్మంలోకి నీళ్లు రాడం ఆగనేదు. ఈ పిల్ల రెండు కంతలెడితే ఆగిపోతాయట!”

ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు.

కంప్యూటరు గీతలను సంఘం పెద్దలు నమ్మలేదు. రైల్వే ఇంజన్ల షెడ్‌లో పనిచేసిన వారికి దేనికైనా ట్రయల్ కావాలి. తనూజ అరుగు మీద చిన్న ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టి, రెండు కంతలు చేసి, పైదానిలో గుడ్డ కుక్కింది.

“అచ్ఛా తాతగారూ, ఇది కాంట్రాక్టరు తొట్టి. మీరే వాన కురిపించండి.”

ఒక్క కంతనే గెలిపించాలని ఆయన చెంబుతో సన్నగా పోశారు. నీరు బుద్ధిగా అడుగు నుండి పోయింది. ఆయన ముఖం వెలిగింది.

“మొక్కలకి పోత్తన్నావేటి బాబూ? వాన నిన్నడిగి పడతాదా?” అంటూ అప్పయమ్మ బిందె అందించింది. అందరూ నవ్వారు.

ఆయన రోషంతో బిందె కుమ్మరించారు. నీరు అంచు దాటి అరుగంతా పారింది. తనూజ గుడ్డ లాగివేసి, డ్రమ్ము ఖాళీ అయ్యాక మళ్లీ పోయించింది. ఈసారి నీరు పై కంత దాకా లేచి, అక్కడి నుండి ధారగా బయటపడింది. అంచు దాటలేదు.

“సంఘం అధ్యక్షులకు ఉత్తరం మీరే రాయాలి తాతగారూ. నాకు తెలుగు చదవడమే ముష్కిల్.”

ఆ మాట ఆయనను కొంత చల్లార్చింది, పూర్తిగా కాదు. చిత్తుప్రతిలో ఆమె పేరు మింగి “ఒక నిపుణురాలు” అని రాశారు. కాని పేరులేని సిఫారసును పక్కన పడేస్తారని ఆయనకంటే ఎవరికి తెలుసు? పడేస్తే ఈ వానల్లోనూ పల్లపు వీధి మునుగుతుంది. చిత్తు చించి, మరో కాగితం తీశారు.

“కావున, శ్రీమతి తనూజ గారు రూపొందించిన నమూనా ప్రకారము తొట్టికి రెండు కంతలును ఉంచవలసినదిగాను, పనిని వారి పర్యవేక్షణలోనే వర్షములకు ముందు పూర్తి చేయింపవలసినదిగాను, వారి తరఫున సవినయముగా ప్రార్థించుచున్నాను.”