బొటనవేలి జవాబు

నేను చేసే పని ఇంట్లో ఎవరికీ ఎక్కదు. ఒక రేడియో ఒకే తరంగం మీద పంపుతూ, అదే క్షణంలో వినాలి. కానీ తన గోల తన చెవిలోనే పడుతుంది. దూరం నుంచి వచ్చే సన్నని సంకేతం అందులో మునిగిపోతుంది. అందుకని తాను పంపినదాని నకలు దగ్గర పెట్టుకుని, అది గోడలకు తగిలి ఎలా మారి వస్తోందో నేర్చుకుంటూ, విన్నదాంట్లోంచి దాన్ని తీసేయాలి. గదిలో బీరువా తలుపు తెరిచినా మళ్లీ నేర్చుకోవాలి. మా ఆయనకి చెబితే, "మిల్లులో మేం రోజూ చేసేదదే కదేటి!" అని నవ్వేశారు.

ఆయనది రోలింగ్ మిల్లు. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మెల్ని క్రేన్ మోసుకెళ్లే దారి కింద పని. సైరన్ మోగగానే పక్కకు తప్పుకోవాలి. ఆ హోరులో నోటిమాట వినబడదు గనక అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. మామగారూ మిల్లు మనిషే కాబట్టి మిల్లు కార్మికుల బస్తీ క్యాంప్ 1లోని మా ఇంట్లోకీ ఆ అలవాటు ఎప్పుడో వచ్చేసింది. అన్నానికి రమ్మన్నా, గ్యాస్ కట్టేయమన్నా మాటతో పాటు చెయ్యీ ఆడాలి. బొటనవేలు లేస్తే సరే, గుప్పిట మూస్తే ఆపు. పెళ్లైన కొత్తలో నాకు మహా చిరాకుగా ఉండేది. ఇప్పుడు కాలేజీలో పాఠం చెబుతున్నా నా చేతులు ఊరుకోవు.

మొన్న ల్యాబ్‌లో తెర మీద గీత చదునుగా వచ్చింది. మా గోల పూర్తిగా పోయింది! ఎగిరి గంతేసినంత పని చేశాను. పక్క బల్ల అమ్మాయి తాపీగా చూసి, "మనది పోయింది సరే దీదీ, అవతలిదేదీ?" అంది. అదీ లేదు. రెండు వైపులా ఒకే పరీక్ష సంకేతం పెట్టాను. యంత్రం అవతలిదాన్ని కూడా తనదే అనుకుని తుడిచేసింది.

దారంతా ఆ గీతే కళ్ల ముందు. మా ఇల్లు కూడా ఈమధ్య అంతే నిశ్శబ్దంగా ఉంటోంది. ఫోన్ చేస్తే ఆయన, "నెట్‌వర్క్ బాగోలేదు, మెసేజ్ పెట్టు" అంటున్నారు. మా వీధిలో సిగ్నల్ నిండుగా ఉంటుందని తెలిసీ, రేడియోలతో బతికే నేను నమ్మేశాను.

ఇంటికొచ్చేసరికి ఆయన అరుగు మీద అటు తిరిగి బూట్లు తుడుచుకుంటున్నారు. చేతులు వెనక్కి కట్టుకుని, "ఏవండీ" అన్నాను. తిరగలేదు. గట్టిగా పిలిచాను. ఎదురింటావిడ తొంగిచూసింది గానీ ఆయన తల ఎత్తలేదు.

ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"ఏటలా చూస్తన్నావ్?" అన్నారు.

పెదవులు మాత్రం కదిపి, రేపు ఫస్ట్ షిఫ్టా అని అడిగాను. శబ్దం బయటికి రానివ్వలేదు.

ఆయన ఎప్పటిలాగే నవ్వి, బొటనవేలు పైకెత్తారు.