దేవుడి గది మేకు

వాకాడులో మేము ఇల్లు కొన్నామని తెలియగానే అందరూ ఎన్ని గదులని అడిగారు. మా అత్త మాత్రం, "గోడకి మేకులు కొట్టుకోవచ్చునా?" అని అడిగింది.

నవ్వాను గానీ, అందులో ఆవిడ తప్పేం లేదు. పెళ్ళయిన నాటినుంచీ ఆవిడ ఉన్నవన్నీ అద్దె ఇళ్ళే. ప్రతి ఓనరూ తాళంచెవి ఇస్తూ, మేకులు మాత్రం కొట్టొద్దని మరీ మరీ చెప్పేవాడు. అందుకే ఎన్ని ఇళ్ళు మారినా ఆవిడ స్వామి పటం పీటమీదే, గోడకి ఆనుకుని కూర్చుంది. గృహప్రవేశం నాడు పాలు పొంగీ పొంగగానే కొంగు దోపుకుని, సుత్తి అందుకుని, దేవుడి గది గోడకి తనే మేకు కొట్టింది. పటం తగిలించి, కాస్త వెనక్కి జరిగి చూసుకుని కళ్ళు తుడుచుకుంది.

కొన్నాళ్ళకే పటం కింద గోడ చెమ్మగిల్లింది. రంగు ఉబ్బి, పెచ్చులు ఊడి ప్రమిదలో పడేవి. ఈ తీరంలో నేరమంతా సముద్రం మీద తోసెయ్యడం మాకు అలవాటు. గడియ తుప్పు పట్టినా ఉప్పుగాలే, పప్పు ఉడక్కపోయినా ఉప్పుగాలే. పక్కింటావిడ ఉప్పుగాలి అంది, మా ఆయన తలూపాడు, నేను మళ్ళీ రంగు వేయించాను. అదీ ఊడింది. నాకసలే ముక్కుమీద కోపం. ఇల్లమ్మినాయన్ని తిట్టుకోని పూట లేదు.

అత్త మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. నాకు భయం వేసింది అందుకే. ఒకరోజు చూస్తే పటాలన్నీ దించి పాత చీరలో మూట కడుతోంది.

"ఏందత్తా ఇది?"

"ఈ ఇల్లు నాకు అచ్చిరాలేదమ్మే. దేముడు ఏడస్తా ఉండాడు. నేను కూతురి దగ్గరికి పోతా. మీరుండండి."

ఆవిడ కోసమే కొన్న ఇల్లు. పొద్దున్నే ఆవిడతో నాలుగు మాటలు పోట్లాడకపోతే నాకు కాఫీ కూడా దిగదు. ఆవిడ లేకపోతే ఈ గదులన్నీ నేనేం చేసుకోను? కొన్నాళ్ళు ఆగమని బతిమాలాను.

ఆ మధ్యలోనే మోటారు కాలిపోయింది. బాగుచేసే మనిషి ఇవాళ రేపు అంటూ తిప్పాడు. ట్యాంకు ఎండిపోయి, వీధి కొళాయి నుంచి బిందెలతో మోసుకున్నాం. చిత్రంగా గోడ కూడా ఆరింది. మోటారు వచ్చి ట్యాంకు నిండగానే గోడ మళ్ళీ తడి. సముద్రం ఉన్నచోటే ఉంది, గాలీ అదే గాలి. ట్యాంకు నిండిందో లేదో చూసుకుని వచ్చే ఉప్పుగాలి ఎక్కడైనా ఉంటుందా?

ప్లంబర్‌ని పిలిస్తే, "దేముడి గదిలో పైపు యాడుంటాదక్కా?" అని నవ్వాడు. పటం తీసేసిన గోడమీద, మేకు దగ్గరినుంచి కిందికి సన్నగా ఒక తుప్పు చార కనిపించింది.

"ఆ మేకు చుట్టూ పగలగొట్టి చూడన్నా," అన్నాను.

సిమెంటు లేవగానే పైపు బయటపడింది. మేకు నేరుగా దాని కడుపులోకి దిగి ఉంది. ఇల్లమ్మినాయనకి ఫోన్ చేసి గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. ఆ మూలలో మొదట బాత్రూం ఉండేదట. ఈశాన్యంలో బాత్రూమేమిటని ఎవరో వాస్తు చెప్పారని దాన్నే దేవుడి గది చేశాడట. పైపు చివర మూత బిగించి, పైన పూత పూయించేశాడు. ట్యాంకు నీళ్ళు మాత్రం ఆ పైపులోకి వస్తూనే ఉన్నాయి.

అత్త గుమ్మంలో నిలబడి అంతా వింది. మొహం చిన్నబోయింది.

"అయితే నేనే పొడిచినానా?"

"అవునత్తా. దేముడేం ఏడవలా. నువ్వు పొడిస్తే పైపు ఏడ్చింది."

కాసేపటికి ఆవిడకీ నవ్వొచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ పైపుని ట్యాంకు దగ్గరే కోసి మూసేశారు. గోడ ఆరాక ప్లంబర్ మళ్ళీ వచ్చి, పూత వేసి, మిగతా గదుల్లో పైపులు పోయే దారంతా సుద్దతో గీసి చూపించాడు. నేను మూట విప్పి స్వామి పటం తెచ్చి, సుత్తి అత్త చేతిలో పెట్టాను. ఆవిడ మేకుని గోడకి ఆనించి, కొట్టకుండా నా వైపు చూసింది.

"కొట్టొచ్చునామ్మే?"

ఇన్నేళ్ళూ ఓనర్లని అడిగిన గొంతే అది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"నీ గోడత్తా. నీకు ఇష్టమొచ్చిన చోట కొట్టుకో."

"ఇష్టమొచ్చిన చోట వద్దక్కా!" అని వసారాలోంచి ప్లంబర్ కేక పెట్టాడు.

అప్పటికే అత్త సుత్తి ఎత్తింది.