ఐసుకొండ

ముందు చప్పుడొచ్చింది. గాలిపటం దారం వేళ్ల మీంచి జారినట్టు, పొడుగ్గా, సుయ్యిమని. ఆ వెంటనే ధబ్. ఆ తర్వాత కేక: "కాళ్లు! కాళ్లు జాగర్త, దాదా!"

బెంగాల్లో ఖరగ్‌పూర్ స్టేషను ప్లాట్‌ఫారం మీద జనం రెండుగా చీలారు. ఆ మధ్యలోంచి పొగలు కక్కుతూ ఐసు దిమ్మ, దాని వెనకే ఇనుప కొక్కెంతో, నెత్తి నిండా రంపపు పొట్టుతో అప్పలకొండ. చేపల పెట్టెలకు ఐసు కొట్టి వేయడం అతని పని. పదిహేనేళ్లు ఐసు మోసిన చేతులు ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేవి. కూతురు హైమవతికి జ్వరమొస్తే తడిగుడ్డ అక్కర్లేదు, నాన్న అరచెయ్యి చాలు.

1964 జనవరి ఆఖర్లో, తెలుగువాళ్లుండే రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో టీకొట్టు రేడియో ఒక వింత చెప్పింది. ఎక్కడో ఆస్ట్రియాలో ప్రపంచ దేశాల మంచు క్రీడలట. కొండ మీంచి జారే పందేనికి మన దేశం తరఫున ఒకే ఒక్కడు వెళ్లాడట. అప్పలకొండ గ్లాసు కింద పెట్టేసి, "మనోడు!" అని అరిచాడు.

కొట్టంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు సొలొమోను. వర్క్‌షాపులో ఫిట్టరు, అప్పలకొండకు పక్క క్వార్టరు.

"మంచులో పందేలేటి బావా? మా ఊళ్లో తెల్లారగట్ట గడ్డి మీద రోజూ పడతాది మంచు. అందులో పరిగెడితే ఏటొస్తాది? జలుబొస్తాది!"

"ఆ మంచు కాదురా. ఐసు! కొండంత ఐసు!"

"కొండంత ఐసుంటే అందులో చేపలెట్టుకుంటారు గానీ, మనుసులు జారతారేటి? పైగా మనోడా? మనోళ్లకి ఐసంటే సోడాలోనిదే తెలుసు. కోతలు కొయ్యకు."

ఆ మాట మర్నాటికి బడి చేరింది. హైమవతి తరగతిలో ఈ కబురు గొప్పగా చెప్పబోతే, వెనక బల్లల్లోంచి ఎవరో "కోతలకొండ కూతురు" అన్నారు. సాయంత్రానికి ఆ పేరు వీధంతా తిరిగేసింది. పిల్ల సంచీ మూల పడేసి అన్నం ముట్టలేదు.

"నాన్నా, మనోడు నిజంగా ఎల్లినాడా?"

రేడియో మాట గాలిమాట. ఇంకోసారి చెప్పమంటే చెప్పదు. అప్పలకొండ కూతురి తల మీద చల్లటి చెయ్యి వేశాడు. తర్వాత లేచి తిన్నగా పక్క క్వార్టరు తలుపు తట్టాడు.

"ఆదివారం లోకోషెడ్డు వెనక బూడిద గుట్ట మీంచి జారి సూపిస్తాను. నిలబడి కిందకొస్తే, మనోడు ఎల్లినాడని నువ్వు ఈదిలో అందరి ముందూ ఒప్పుకోవాల."

"పడిపోతే?"

"పడిపోతే నా పేరు కోతలకొండే."

ఆదివారం పొద్దున్నే ఆ రైలింజన్ల బూడిద గుట్ట తెల్లబడిపోయింది. శనివారం మిగిలిన ఐసంతా చితక్కొట్టి, అడుగున రంపపు పొట్టు పోసి, పై నుంచి కింద దాకా పరిచాడు అప్పలకొండ. ఎండ పడి అది కళ్లు చెదిరేలా మెరిసింది. ఆస్ట్రియాలో ఎవరో విదిలించిన దుప్పటి వచ్చి ఖరగ్‌పూర్‌లో పడ్డట్టుంది. పిల్లలు దోసిళ్లతో ఐసు ఎత్తుకుని ఖర్జూరబెల్లం పాకం పోసుకుని తినడం మొదలెట్టారు. కొండ తరిగిపోతోంది!

"తినకండర్రా, నా దారి తినీకండి!" పై నుంచి అప్పలకొండ అరుస్తున్నాడు. పాత బోగీలోంచి తీసేసిన బెర్తు చెక్కలు అతని కాళ్లకు సైకిలు ట్యూబులతో కట్టి ఉన్నాయి.

కింద భార్య చిలకమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఓలమ్మో! ఉన్న రెండు కాళ్లూ ఇరగ్గొట్టుకుంటాడు. మీ నాన్నని దిగమనే!"

"దిగడానికే కదమ్మా ఎక్కినాడు!" అంది హైమవతి.

అతను ముందుకు వంగాడు. దిమ్మ ఎప్పుడూ ముందుకు వాలితేనే తిన్నగా పోతుంది, అది అతనికి తెలుసు. సుయ్యి! పదడుగులు, ఇరవై అడుగులు. చొక్కా రెక్కలైంది. లోకోషెడ్డు, నీళ్ల ట్యాంకు, ఆకాశం అన్నీ కలిసి పక్క నుంచి పరిగెత్తాయి. సరిగ్గా సగంలో ఎడమ చెక్క అతన్ని విడిచి తన దారిన పోయింది. కాసేపు ఒంటికాలి మీద కొంగలా వచ్చాడు. తర్వాత కూలబడ్డాడు. కూలబడ్డవాడు ఆగలేదు. కూర్చునే గుట్టంతా దిగి, బెల్లం పాకం కుండను తన్ని, సొలొమోను కాళ్ల దగ్గర తేలాడు.

"పడ్డాడు!" సొలొమోను చేతులెత్తాడు. "కోతలకొండ!"

మూడు రోజులు అదే పేరు. హైమవతి తలొంచుకుని బడికి వెళ్లి తలొంచుకునే వచ్చేది.

నాలుగో రోజు మెయిలు బండిలో తెలుగు పేపరు వచ్చింది. ఆలస్యంగా, నలిగి. బడి నుంచి వస్తున్న హైమవతి టీకొట్టు బల్ల మీద దాన్ని ఆత్రంగా తిరగేసింది. ఆటల పేజీలో అడుగున మూడు లైన్లున్నాయి. పైకి చదివింది: కొండ మీంచి జారే పందెంలో భారత క్రీడాకారుడు మధ్యలో పడిపోయి గమ్యం చేరలేకపోయాడు.

అప్పలకొండా, సొలొమోనూ అక్కడే టీ తాగుతున్నారు. అప్పలకొండ ముఖం మెల్లగా వెలిగింది.

"మనోడు పడిపోనాడు!" ఎగిరి గంతేశాడు. "సొలొమోనూ, ఇన్నావా? పడిపోనాడంటే? ఎల్లినాడనే కదేటి! ఎల్లకుండా ఎలాగ పడతాడు?"

సొలొమోను పేపరు లాక్కుని రెండుసార్లు చదివాడు. టోపీ తీశాడు. వీధిలోకి వచ్చి గొంతెత్తి, "ఒరే, ఇనండి! మనోడు ఎల్లినాడు! ఈడు కోతలకొండ కాదు, ఐసుకొండ!" అన్నాడు. మన దేశం ఓడిపోయిందని అప్పలకొండ వీధంతా రసగుల్లాలు పంచాడు. అందులో మొదటిది కూతురి నోట్లో.

పదేళ్ల తర్వాత కూడా న్యూ సెటిల్‌మెంట్‌లో అప్పలకొండ ఇల్లెక్కడంటే ఎవరికీ తెలియదు. ఐసుకొండ ఇల్లంటే చిన్నపిల్లలు సైతం చూపించేవారు. ఈ కథ రాసుకోవడానికి అక్కడికి వెళ్లిన నన్ను ఆయన గేటు దాకా సాగనంపి, చల్లటి చేత్తో భుజం పట్టుకుని ఆపాడు.

"ఒక్క ముక్క మరిసిపోకు బాబూ. ఆడూ పడ్డాడు, నానూ పడ్డాను. కానీ నాను కిందదాకా వచ్చినాను. అది రాసుకో."