కాలవ గట్టున కంగారూ గడ్డి

హరిప్రియ చదివే చదువేమిటో అడిలైడ్ తెలుగువాళ్ళకు చివరిదాకా బోధపడలేదు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ అని చెబితే, "అంటే గార్డెనింగేనా అమ్మా?" అని జాలిగా అడిగేవారు. విజయవాడలో ఆర్కిటెక్చర్ చేసిన పిల్ల, ఇంత దూరం వచ్చి మొక్కలు నాటడం నేర్చుకోవడమేమిటని వాళ్ళ దిగులు. మొదట్లో ఆమె ఓపిగ్గానే చెప్పేది. ఊరు పెరిగేకొద్దీ వాననీరు ఎటు పోతుందో, కాంక్రీటు కింద కప్పెట్టిన వాగుల్ని మళ్ళీ వెలుగులోకి ఎలా తెస్తారో చేతులు తిప్పి మరీ వివరించేది. చివరికి విసుగెత్తి, "గార్డెనింగే ఆంటీ" అని ఊరుకునేది.

మాసన్ లేక్స్‌లో ఆమె అద్దెకుండే ఇంటికి కాస్త దూరంలో వాననీటి కాలవ ఒకటి ఉంది. దాన్ని కాలవ అనడం మన మర్యాద కొద్దీ. అదో పొడుగాటి కాంక్రీటు తొట్టి. చలికాలంలో కాసిని నీళ్ళు, వేసవిలో చిప్స్ ప్యాకెట్లు. ఆ ఏడు మునిసిపాలిటీ లాంటి ఊరి కౌన్సిల్ వాళ్ళు అందులో ఒక ముక్క కాంక్రీటు పగలగొట్టి, మట్టి గట్టు పోసి, ఏం చేస్తారో చేయండని యూనివర్సిటీకి అప్పగించారు. చివరి సెమిస్టర్ ప్రాజెక్టుగా అది హరిప్రియ చేతికొచ్చింది. ఆ ముక్క బాగుంటే మిగతా కాలవ కూడా తవ్వి వాగు చేస్తారు. బాగా లేకపోతే కాంక్రీటు కాంక్రీటుగానే ఉండిపోతుంది. ఆ పిల్ల ప్రాణమంతా ఆ గట్టు మీదే ఉండేది.

ఆమె గీసిన ప్రతి బొమ్మా చూసి టీచర్ హెలెన్ ఒకే మాట అడిగేది: చదువయ్యాక నువ్వు వెళ్ళిపోతావు కదా, అప్పుడు దీన్ని ఎవరు చూసుకుంటారు? కౌన్సిల్ చూసుకుంటుందని అంటే హెలెన్ ఓ చిరునవ్వు నవ్వేది. ఆ నవ్వు చూస్తే హరిప్రియకు ఒళ్ళు మండేది.

జూన్ వానల్లో క్లాసువాళ్ళతో కలిసి కంగారూ గడ్డి నాటింది. ఊరు లేనప్పుడు ఈ నేలంతా పరుచుకున్న గడ్డి అది. అడవిలో మొలిచినట్టే ఉండాలని కావాలనే చెల్లాచెదురుగా నాటింది. ఆగస్టుకల్లా ఆ పిలకల మధ్య పచ్చపూల సోర్‌సాబ్ అనే పుల్లాకు కలుపు కమ్ముకుంది. మన పులిచింతకు అక్క వరస, ఇక్కడి వాళ్ళకు పెద్ద పీడ. బుధవారం హెలెన్, కౌన్సిల్ అధికారి చూడటానికి వస్తున్నారు. తనొక్కదాని వల్ల అయ్యే పని కాదని, కలుపు తీయడానికి ఆదివారం ఎవరైనా రాగలరా అని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగింది. సీతారావమ్మగారు వెంటనే సరేనన్నారు. ముప్పై ఏళ్ళ కిందట ఇంజనీరు భర్త బ్రహ్మయ్యగారితో కోనసీమ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. బేకరీలో నీ షిఫ్టు చూసుకుని నెమ్మదిగా రా, నువ్వొచ్చేసరికి మేం నలుగురం కలిసి చేసి పెడతామని భరోసా ఇచ్చారు.

ఏది కలుపో చూపించాలని హరిప్రియకు తోచనే లేదు. కలుపు తెలియని తెలుగువాళ్ళుంటారా అనుకుంది. నిజమే, వచ్చినవాళ్ళందరికీ తెలుసు. అదే కొంప ముంచింది.

మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి గట్టు అద్దంలా ఉంది. గడ్డి పరక లేదు. పచ్చపూలు మాత్రం ఒక్కటీ చెక్కుచెదరకుండా తలలూపుతున్నాయి. సీతారావమ్మగారు కొంగు నిండా ఆకు కోసుకుని ఎదురొచ్చారు.

"పులిచింత ఎంత ఏపుగా ఉందో చూశావుటే! దాని జోలికి ఎవర్నీ పోనివ్వలేదు. పచ్చడి చేస్తాను, డిన్నర్‌కి వచ్చెయ్."

హరిప్రియ వంగి ఖాళీ మట్టిని చేత్తో తడిమి చూసింది.

"ఆంటీ, మీరు పీకింది నా ప్రాజెక్టు. ఆ గడ్డే నా ప్రాజెక్టు."

సీతారావమ్మగారి మొహం పాలిపోయింది. కొంగు వదిలేస్తే ఆకంతా నేల పాలైంది. ఇంతలో బ్రహ్మయ్యగారు గొంతు సవరించుకుని, గడ్డి ఎక్కడికీ పోలేదని, నీళ్ళ అంచున ఉందని చెప్పారు.

వెళ్ళి చూస్తే కట్టలు కట్టలుగా ఉంది. వేళ్ళు తెగకుండా, గడ్డి పరకతోనే ముడేసి, మొదళ్ళు తడిలో ఉండేలా పేర్చి ఉంది. కోనసీమలో కలుపు పారేయరు, కట్ట కట్టి గేదెకు తీసుకెళ్తారు. గేదెను చూసి ముప్పై ఏళ్ళయినా ఆవిడ చెయ్యి మాత్రం ఆ అలవాటు మానలేదు. హరిప్రియకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

చీకటి పడేలోగా మళ్ళీ నాటాలి. సీతారావమ్మగారు చెప్పులు విడిచి, నడుం వంచి, వెనక్కి నడుస్తూ వరుసగా నాటుకుంటూ పోయారు. మిగతా ఆంటీలూ అంతే. అడవి చెదురుగా ఉండాలి కదా అని హరిప్రియ నోరు తెరవబోయి, వేళ కాదని మూసుకుంది. ఆమె సోర్‌సాబ్ పీకుతుంటే పచ్చడి పోయిందని ఆవిడ ఉసూరుమన్నారు. చివర్లో బ్రహ్మయ్యగారు పార తీసుకుని చుట్టూ జానెడు గట్టు వేశారు. అది లేకపోతే మడి మడిలా ఉండదట. అంతా అయ్యాక చూస్తే అడవి కాదు, నిఖార్సైన వరిచేను.

సోమవారం పొద్దున్నే హరిప్రియ వెళ్ళేసరికి సీతారావమ్మగారు అప్పటికే అక్కడున్నారు. చీర మీద స్వెటరు, కాళ్ళకు స్పోర్ట్స్ షూ. వాలిన పిలకల మొదట్లో మట్టి ఎగదోస్తున్నారు. మంగళవారమూ అంతే. ఇన్నాళ్ళూ గడ్డిని తొక్కుకుంటూ పోయిన కుక్కలవాళ్ళు ఇప్పుడు చిన్న గట్టు చూసి చుట్టూ తిరిగి వెళ్తున్నారు. ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్న చోటు అని తెలిస్తే మనిషి అడుగు దానంతటదే పక్కకు పడుతుందని హరిప్రియకు అప్పుడు అర్థమైంది. తన బొమ్మల్లో అదొక్కటే లేదు.

బుధవారం హెలెన్ ఆ వరుసలు చూసి కనుబొమలు ఎగరేసింది. పిలకలు కొన్ని పసుపుపచ్చగా మారాయి కూడా. హరిప్రియ జరిగిందంతా దాచకుండా చెప్పింది. అధికారి వింటూనే, దగ్గరగా చూద్దామని ఆ జానెడు గట్టు దాటి లోపలికి అడుగేశాడు.

"మిస్టర్! షూస్, షూస్!"

అవతలి చివర గొంతుక్కూర్చున్న సీతారావమ్మగారి కేక అది. ఆయన సారీ చెప్పి కాలు వెనక్కి తీసుకున్నాడు. మీరెవరు, ఇదంతా ఎన్నాళ్ళు చూసుకుంటారని మర్యాదగా అడిగాడు.

ఆవిడ చేతి మట్టి దులుపుకున్నారు. "ఐ యామ్ హియర్ ఓన్లీ. వేర్ విల్ ఐ గో?"

ఆయన హెలెన్ వైపు తిరిగి, మిగతా కాలవకు బొమ్మలు పంపమన్నాడు. హెలెన్ ఎప్పుడూ అడిగే ప్రశ్న ఆ రోజు అడగలేదు.