డూమస్ సముద్రానికి రాణీ రంగు వేసిన రోజు

మా ఇంట్లో కోపాలు రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు, ఒక చీర చాలు. పుట్టినప్పటి నుంచి ఈ సంగతి తెలిసిన నేను, ఒకే ఒక్క పూటలో ఇంటిల్లిపాదికీ ఒళ్లు మండించి, ఒక భజియాల బండివాణ్ణి ఉగ్రుణ్ణి చేసి, అరేబియా సముద్రాన్ని కూడా కొంతమేర పాడుచేశాను. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. నాకింకా నవ్వు రావడం లేదు, తలుచుకుంటే నా మీద నాకే పళ్లు కొరకాలనిపిస్తుంది.

మేముండేది సూరత్ పక్కన జోల్వాలో. బాపు కరెంటు మగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. ఏళ్ల తరబడి ఆ మోతలో నిలబడ్డాడు కాబట్టి ఆయన మామూలుగా మాట్లాడినా పక్కింటివాళ్లు గొడవనుకుంటారు. నిజంగా గొడవైనప్పుడు మామూలే అనుకుని ఎవరూ రారు. బాపు నేసేదంతా తెల్లబట్ట. దాని మీద రంగూ పువ్వూ తర్వాత ఏదో ఒక ప్రింటింగ్ మిల్లులో పడతాయి. అలాంటి ఒక మిల్లులోనే నేను కంప్యూటర్ ముందు కూర్చుని చీరలకు పువ్వులు గీస్తుంటాను. అంటే మా ఇంట్లో ఒకరికి బట్ట తెలుసు, ఒకరికి పువ్వు తెలుసు. ఆ రెండింటికీ మధ్యలో ఏం జరుగుతుందో ఎవరూ పట్టించుకోలేదు. మా కొంపలు మునిగింది సరిగ్గా ఆ మధ్యలోనే.

ఇక రాజవ్వ అత్తమ్మ. బాపుకు సొంత అక్క, కోరుట్లలో ఉంటుంది. మా అక్క పెళ్లిలో ఆమెకు పుట్టింటివాళ్లుగా మేం చీర పెట్టాం. ముదురాకుపచ్చ చీర, పసుపు అంచు. అత్తమ్మ మడత విప్పి చూసింది. అది అంతకుముందు ఆమే మా అమ్మకు పెట్టిన చీర. కొంగు మూలన ఆమె వేలితో పెట్టిన పసుపు బొట్టు కూడా అలాగే ఉంది.

పెట్టుడు చీరలు ఇల్లిల్లూ తిరగడం మనకు కొత్తేమీ కాదు. మీ బీరువాలోనూ ఉంటాయి, మీకంటే ఎక్కువ ఊళ్లు చూసిన చీరలు. వాటికి ఉన్నది ఒకటే నియమం: బయలుదేరిన ఇంటికి మాత్రం తిరిగి రాకూడదు. మావాళ్లు సరిగ్గా ఆ ఒక్కటే తప్పారు.

అత్తమ్మ ఆ చీర చంకన పెట్టుకుని విస్తరి ముందు నుంచి లేచి బస్సెక్కింది. ఏళ్లు గడిచినా అప్పటి నుంచి అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు. "ఒక్క చీరకు గింత చేస్తదా" అని బాపుకు కోపం. "బట్ట నేసెటోడు నాకు ఒక్క చీర కొనలేకపోయిండా" అని ఆమెకు కోపం. అమ్మకు ఇద్దరి మీదా కోపం, ఎందుకంటే ఆ చీర తీసి పెట్టింది అమ్మేనని చుట్టాలందరూ నమ్మారు.

ఈమధ్య ఇంట్లో నా పెళ్లి మాట వచ్చింది. అమ్మ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది.

"మేనత్త చెయ్యి పడకుంట నేను పసుపు దంచ. ముందుగాల మీ బాపును, మీ అత్తమ్మను మాట్లాడిపియ్యి. పిల్ల సంగతి తర్వాత."

"వాళ్లు మాట్లాడకపోతే?"

"నువ్వు గూడ మగ్గం లెక్క ఒంటిగ నిలబడు."

అలా నా పెళ్లి ఒక ఆకుపచ్చ చీర మడతలో ఇరుక్కుంది. నేను వెంటనే అత్తమ్మ భర్త గంగారాం మామకు ఫోన్ చేశాను.

"మామా, అత్తమ్మను తీసుకొని సూరత్ రారాదు. డూమస్‌కు పోయి సముద్రం చూద్దం."

"సముద్రం సరే గని, ఆడ తినేటందుకు ఏం దొరుకుతది?"

"టమాటా భజియాలు మామా."

"వస్తున్నం."

వెనక నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "సముద్రం చూసెటందుకు వస్తున్న అని చెప్పు. మనుషులను చూసెటందుకు కాదు."

ఇక్కడ నా తెలివి నిద్రలేచింది. లేవకుండా ఉంటే ఎంత బాగుండేదో. చీర తెచ్చిన తగువును చీరే తీర్చాలి అనుకున్నాను. నేనే స్వయంగా ఒక పువ్వు గీసి, ఆడవాళ్లకు చీరలు, మగవాళ్లకు చొక్కాలు, అందరికీ ఒకే బట్ట. రాణీ రంగులో, అదే ముదురు గులాబీలో, తట్టంత మందారాలు. అలాంటిది ప్రపంచంలో ఇంకొకటి ఉండదు కాబట్టి ఎవరో పెట్టింది తిప్పి పెట్టారని అత్తమ్మ అనడానికి వీలుండదు. సముద్రంలో అందరం వరసగా నిలబడి ఒక ఫొటో. అక్కాతమ్ముళ్లు పక్కపక్కన. ఆ తర్వాత నా పెళ్లి.

పువ్వు అచ్చయ్యాక బట్టకు ఆవిరి పట్టాలి, ఆపైన ఉతకాలి. అప్పుడే రంగు బట్టను గట్టిగా పట్టుకుంటుంది. అంతవరకూ అది మొహం మీద పౌడరుతో సమానం. ఈ సంగతి నాకు తెలియదనుకుంటున్నారా? బాగా తెలుసు. కానీ ఆవిరి దగ్గర మా బట్ట వరస చివర ఉంది, మామావాళ్లు అప్పటికే రైలు టికెట్లు తీసేశారు. ఒక్క పూట కట్టుకునే బట్టకు ఇప్పుడే ఉతుకెందుకు, ఫొటో అయ్యాక చూసుకుందాం అని అచ్చు గది నుంచే పట్టుకొచ్చాను. ఫొటో సముద్రంలో దిగాలన్నది కూడా నా ఆలోచనే. రెండు ఆలోచనలూ ఒకే తలలో ఉన్నాయి. వాటికి ఒకదానితో ఒకటి పరిచయం లేదు, అంతే.

చొక్కాలు కుట్టిన దర్జీ తన వేళ్లు చూపించి "భాయ్, యే రంగ్ హాథ్ కో లగ్ రహా హై" అన్నాడు, రంగు చేతికంటుతోందని.

"నయా కపడా హై" అన్నాను, కొత్త బట్ట మరి అని.

చీర మడత పెడుతూ అమ్మ ఆగింది. "ఏందిరా, చేతులకు అంటుతాంది? బట్ట గూడ అట్టలెక్క ఉంది."

"గంజి గట్టిగ పెట్టిండ్రమ్మా." అది గంజి కాదు, రంగులో కలిపే జిగురు.

బాపు రెండు వేళ్ల మధ్య బట్ట నలిపి "నేత మంచిగనే ఉంది" అన్నాడు. ఆయన శాఖ అక్కడితో అయిపోయింది.

అత్తమ్మ మాత్రం చీరను పోలీసులు సంచి తనిఖీ చేసినట్టు చూసింది. నాలుగు మూలలూ తిప్పింది, వాసన చూసింది.

"గిది మీకు ఎవ్వలు పెట్టిండ్రు?"

"ఎవ్వలు పెట్టలే అత్తమ్మా. నేనే గీసిన. దునియాల ఇసొంటిది ఇంకోటి లేదు."

ఆమె మొహం కొంచెం మెత్తబడింది. "పువ్వు మంచిగనే ఉంది అల్లుడా" అంది. ఆ ఒక్క మాటకు నేను పూరీలా పొంగాను.

కార్ఖానాకు సెలవు రోజున అందరం మందారాలు తొడుక్కుని వ్యాన్ ఎక్కాం. అత్తమ్మ ఒళ్లో ఒక సంచి, దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. బాపు ఆమె ముందు సీటులో కూర్చున్నాడు.

"అల్లుడా, కిటికీ మూయుమని చెప్పు మీ బాపుకు. దుమ్ము కొడుతాంది."

"బాపూ, కిటికీ మూయాలట."

"గాలి రావాలె గదా, అడుగు మీ అత్తమ్మను."

"అత్తమ్మా, గాలి రావాలట."

"గాలి కావాలంటే బండి మీదికి ఎక్కి కూసొమ్మను."

ఇద్దరూ మాట్లాడుతున్నది తెలుగే. మధ్యలో దుబాసీని నేను. నెలజీతం ఇచ్చినా ఈ ఉద్యోగం చేయకండి. చివరికి బాపు కిటికీని దడాలున మూశాడు. ఉక్కపోత మొదలైంది. చెమటలు పట్టాయి. కాసేపటికి మామ మెడ తడుముకున్నాడు.

"అల్లుడా, నా మెడ ఎర్రగయిందా?"

"ఎండ మామా."

"కిటికీలు మూసినంక ఎండ యాడికెల్లి వచ్చెరా?"

నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. అప్పుడైనా బుర్ర వెలగాల్సింది. వెలగలేదు.

డూమస్‌లో ఇసుక నల్లగా ఉంటుంది, సముద్రం ఒకోసారి దూరంగా పోయి అలిగిన చుట్టంలా కూర్చుంటుంది. మేం వెళ్లేసరికి తిరిగి వస్తోంది. మామ నేరుగా భజియాల బండి దగ్గరికి పోతుంటే పట్టుకుని లాక్కొచ్చాను. అందరినీ పాదాలు తడిసేంత నీళ్లలో నిలబెట్టాను. వరసకు ఈ చివర బాపు, ఆ చివర అత్తమ్మ. మధ్యలో అమ్మా మామా, పొలాల మధ్య గట్టులాగా.

"బాపూ, జర అత్తమ్మ పక్కకు రా."

"ఆమెనే రమ్మను. పెద్దది గదా, ముందుగాల ఆమెనే జరగాలె."

"అత్తమ్మా, నువ్వన్న జరుగు."

"పెద్దదాన్ని నేను జరగాల్నా? వాని కాళ్లకు ఏమైంది?"

ఎండ నెత్తి మీద మండుతోంది, నా సహనం కూడా. "ఇద్దరూ చెరొక అడుగు వేయుండ్రి. నా పెండ్లి అయితదో లేదో ఈ ఫొటోల ఉంది" అని అరిచాను. ఇద్దరూ విసుక్కుంటూ పక్కపక్కకు వచ్చారు, మధ్యలో ఒక ఎడ్లబండి పోయేంత చోటు వదిలి. నేను ఫోన్ పట్టుకుని "ఇంకా లోపటికి, ఇంకా జర" అంటూ వాళ్లను లోతుకు పంపాను. వాళ్ల వెనక లేస్తున్న అల నాకు కనిపించింది. ఫొటోలో బాగుంటుందనుకున్నాను.

అల అత్తమ్మ నడుము మీద కొట్టింది. ఆమె తూలింది. పట్టుకోబోయి బాపు ఆమె చెయ్యి అందుకున్నాడు, ఇద్దరూ కలిసి నీళ్లలో చతికిలబడ్డారు. వాళ్లను లేపబోయి అమ్మ, అమ్మను లేపబోయి మామ.

అప్పుడు మందారాలు చీర మీది నుంచి దిగి ఈదుకుంటూ బయలుదేరాయి.

నలుగురి చుట్టూ నీళ్లు రాణీ రంగులోకి మారాయి. బాపు తెల్లగడ్డం గులాబీ అయింది. మామ బట్టతలను చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, అది పండగ కుంభంలా తయారైంది. అమ్మ చేతులు మోచేతుల దాకా గోరింటాకు. పక్కన ఒక గుజరాతీ కుటుంబం పిల్లల్ని వెనక్కి లాక్కుంటూ "ఆజే హోళీ ఛే?" అని అడిగింది. ఇవాళ హోలీనా అని.

అత్తమ్మ తన అరచేతులు చూసుకుంది. ఒంటి మీద చీర చూసుకుంది. పువ్వులు పోయి అక్కడక్కడా మరకలతో తెల్లబట్ట మిగిలింది. ఆమె మెల్లగా తల తిప్పింది.

"తమ్మీ."

అన్నేళ్ల తర్వాత మొదటి మాట.

"తమ్మీ, నీ కొడుకుకు నా మీద ఏం పగరా?"

"నా మీద గూడ ఉన్నట్టుంది అక్కా" అని బాపు గులాబీ రంగు ఛాతీ చూపించాడు. "ఒరేయ్, ఉతకని బట్ట తెచ్చినవా?"

"ఫొటో అయినంక ఉతికిద్దామనుకున్న బాపూ."

"ఉతికినవు గదా, మమ్ములను లోపలేసి" అంది అత్తమ్మ.

"పువ్వులు గీస్తడట" అన్నాడు బాపు.

"పువ్వులేనా తమ్మీ, కొంపలు గూడ ముంచుతడు."

"బట్ట మాత్రం మంచిదే అక్కా. చూడు, యాడ చిరగలే."

"బట్టను ఎవలన్నరు? నీ కొడుకును అంటున్న."

ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుని నన్ను తిడుతున్నారు. ఏళ్లనాటి మౌనం నా నెత్తి మీద పగిలింది. సంతోషించాలో ఏడవాలో తెలియక ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఫొటో, అన్నట్టు, తీయనే లేదు.

వాళ్లను లేపి పట్టుకొచ్చేసరికి నాకూ మొహం దాకా అదే రంగు అంటింది. ఒడ్డుకొచ్చి భజియాల బండి దగ్గర కూర్చోబోతే బండివాడు కుర్చీలు లాగేశాడు. "ఖుర్శీ బగడ్‌శే" అని కేకలు, కుర్చీలు పాడవుతాయని. మామ ప్లేటు పట్టుకుని నిలబడే తిన్నాడు. ఆ రోజు కోపం రాని మనిషి ఆయనొక్కడే అనుకున్నాను గానీ, తెల్ల ప్లేటు మీద తన వేలిముద్రలు చూసుకుని ఆయన కూడా నా వైపు ఒక చూపు చూశాడు.

అత్తమ్మకు చలి పట్టింది. అమ్మ దుప్పటి అడ్డం పట్టింది. అత్తమ్మ సంచి విప్పి అందులోని ఒకే ఒక్క చీర కట్టుకుని బయటికి వచ్చింది. ముదురాకుపచ్చ, పసుపు అంచు.

అక్క పెళ్లిలో మేం పెట్టిన ఆ చీరే.

"మీ మొకాన కొట్టి పోదామని తెచ్చిన" అంది అత్తమ్మ, అమ్మను చూస్తూ. "చూడు పిల్లా, నేను పెట్టిన చీర. రంగు పోయిందా?"

అమ్మకు అప్పుడు వచ్చింది కోపం. నేను పుట్టాక అంత కోపం చూడలేదు. "పోలే వదినె. పోదని ఎర్కనే. నచ్చి ఒక్కసారి గూడ కట్టకుంట దాచుకున్న. పెండ్లి గడబిడల బీరువాల నుంచి తీసి నీకు పెట్టింది నేను కాదు. గాయిన. పైన ఏది ఉంటే గది తీసిండు. మాట పడ్డది నేను."

అందరం బాపు వైపు తిరిగాం. మగ్గాల మోతలో కూడా పక్కవాడి గుసగుస వినగల మనిషి, ఏమీ వినపడనట్టు సముద్రం వైపు చూస్తున్నాడు.

"తమ్మీ," అంది అత్తమ్మ.

"ఆఁ."

"నువ్వేనా?"

"తొందరల చూడలే అక్కా."

అత్తమ్మ బాపును చూసింది, నన్ను చూసింది. ఇద్దరి మొహాలూ ఒకే రంగు. "మీ ఇంట్ల మొగోళ్లకు బట్ట నేసుడు వస్తది, గీసుడు వస్తది. పెట్టుడు మాత్రం రాదు" అంది. అమ్మ ఫక్కున నవ్వింది. ఆ తర్వాత అత్తమ్మ డూమస్ నుంచి జోల్వా దాకా బాపును ఆపకుండా తిట్టింది, అమ్మ సాక్ష్యాలు అందించింది. ఈసారి దుబాసీ అవసరం పడలేదు. కిటికీ కూడా తెరిచే ఉంది.

ఊరికి వెళ్లే ముందు అత్తమ్మ ఆ ఆకుపచ్చ చీర మూలన మళ్లీ పసుపు బొట్టు పెట్టి అమ్మ చేతికిచ్చింది. "నీ కోడలికి పెట్టు. పసుపు దంచేనాడు వస్త. చీర మల్ల నా ఇంటికి వచ్చిందా, నేను రాను."

గోళ్ల సందుల్లో ఇంకా వదలని రాణీ రంగు మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట నేను ఎవరికి ఏ బట్ట పెట్టినా, ముందు బకెట్లో నానబెట్టి, బండకేసి బాది, ఆ బకెట్లో నీళ్లు అమ్మకు చూపించి, బీరువాలో పైన ఏముందో బాపును చూడనివ్వకుండా పెడతాను. ఎక్కడో ఉన్న ఓ అమ్మాయీ, నువ్వెవరో నాకు తెలియదు గానీ ఒక్క విషయంలో ధైర్యంగా ఉండు. నీకు పెట్టబోయే చీర రంగు పోదు. అది నేను గీసింది కాదు.